మత్స్యగుండము

మాడుగుల కొండలలో పుట్టి, పాడేరు మన్యమును చీల్చుకొని ఉత్తరముగా పాఱి, డుడుమ జలపాతముగా దుమికి, పిదప దక్షిణమునకు మరలి సీలేరను పేర శబరిలో కలియు నదిని మన్యమువారు మత్స్యగెడ్డ యందురు. హుకుంపేట ప్రాంతమున, మఠము గ్రామసమీపమున ఈ గెడ్డ విచిత్రమైన గతి వహించును: తన కడ్డముగా పఱచుకొన్న రాతిగట్టు క్రింది మహాబిలమున ప్రవాహమంతయు నుఱికి అదృశ్యమై, సుమారు నూఱు గజముల దిగువను మరల వెలికి వచ్చి, వచ్చినచోట మడుగు కట్టును. అదియే మత్స్యగుండము. అచ్చటి శివుడు మత్స్యలింగేశ్వరుడు.

మాఘ బహుళ చతుర్దశికి అచ్చట జాతర జరుగును. శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని మనవారు చెప్పునది మైదానపు మాట. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకు, పాడేరు సీమలకు అది చెల్లదు. తెల్లవాఱకమునుపే మంచులో గుంపులు గుంపులుగా దిగివచ్చిన జనము దుప్పట్లు బండలపై పడవైచి, ఒకరి చేయి ఒకరు పట్టుకొని నీటిలో అడుగిడుదురు. పిక్కలవఱకు తడియునప్పుడు మాటలు సాగుచునే యుండును. నడుము తడిసినంతనే గుక్క పట్టి, నోటిలోని శివనామము సగములో తెగును. మునిగి లేచిన పిదప గాని అది పూర్తికాదు. గాలికంటె నీరు దేహోష్ణమును 25 రెట్లు వేగముగా లాగివేయుననుట శాస్త్రము. మన్యపు ముసలమ్మ ఆ లెక్క యెఱుగకున్నను, గట్టెక్కిన పిల్లవానిని నెగడు దగ్గఱకు త్రోయుట యెఱుగును.

1907లో విశాఖపట్టణ మండలపు గెజెటీరును సంతరించిన ఫ్రాన్సిసు దొర ఈ గుండమును గూర్చి వ్రాయుచు చేపలనే మెచ్చుకొనెను. మహసీరు జాతి చేపలు చిన్నవియు పెద్దవియు మడుగున కిక్కిరిసి యుండెననియు, అందు పెద్దవి నరుని చేతినుండి మేత తినుటయే కాక వీపు నిమిరినను బెదరకుండెననియు ఆయన కథనము. చల్లని నీరు ప్రాణవాయువు నెక్కువగా ఇముడ్చుకొనును. రాళ్లలో నలిగి నురుగులెత్తి వెలువడు నీట అది మఱింత హెచ్చు. కావున మహసీరు అట్టి చోటులను వలచుట సహజము. అయినను వానికి నరభయము లేకపోవుటకు నీటిగుణము చాలదు, చరిత్ర కావలెను.

ఆ చరిత్ర ఏడువందల యేండ్లకు పైబడినది. శా. శ. 1191, అనగా క్రీ. శ. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనము ఒడ్డవాదిని ఏలిన మత్స్యవంశమును వర్ణించుచు, నారంగ మహర్షి మంజుఘోషయను అప్సరసను చూచి చలింపగా ఒక మీనము గర్భము దాల్చి కన్న సత్యమార్తాండుని వంశకర్తగా పేర్కొని, ఉత్కళాధీశుడగు జయత్సేనుడు తన కూతురు ప్రభావతి నతని కిచ్చి ఆ సీమకు పాలకుని జేసెనని చెప్పుచున్నది. తరువాతి కాలమున మాడుగుల జమీందారులును తాము మత్స్యదేశపు రాజుల సంతతివారమనిరి. చేప ఆకారపు రాతిసింహాసనమున పట్టాభిషిక్తులైరి. జెండాపై చేపను నిలిపి, చేవ్రాలుగా చేపబొమ్మనే గీసిరి. ఈ వంశావళి యెంతవఱకు నిలుచునో పరిశోధకులు తేల్చుకొందురు గాక. జెండాకెక్కించిన ప్రాణిని ఏ దొర తన సీమలో కూర వండనిచ్చును?

గుండమునకు పూజారి బగత తెగవాడు. పొడవైన బల్లెముతో చేపను పొడుచుటలో బగతలు నేర్పరులని 1909లో కులజాతుల గ్రంథకర్త థర్‌స్టన్ వ్రాసెను. అట్టివారిలో నొకడే శివరాత్రినాడు ఈ చేపలకు మేత వేయుట, వృత్తాంతమంతటిలో నాకు మిక్కిలి రుచించిన యంశము. శాపకథ మాత్రము పరదేశి మీదికి పోయినది: పెరికెద్దులతో వచ్చిన బృంజారి యొకడు ఇందలి చేపను పట్టి కూర వండుకొనగా మీనరాజు శపించెననియు, వాడును వాని యెద్దులును శిలలైపోయిరనియు చెప్పుదురు; ఆ రాళ్లను చూపుదురు కూడ. ఊరివాడు పుట్టుకతో నెఱిగిన కట్టుబాటును దారిన పోవు వర్తకునకు తెలుపుటకు ఇంతకంటె చవుకైన సాధనము దొరకదు.

ఇతరచోట్ల చేపను బెదరనీక చూచుట సులభము కాదు. 1943లో ఫ్రాన్సున కుస్తో, గాన్యాన్ అనువారు వీపున మోయదగిన గాలిసిలిండరు పరికరమును సిద్ధపఱచినది మొదలు, చేపలను వాని యింటనే చూడగోరువారు లోకమంతట జట్లు గట్టి చలికాలమున సైతము మునుగుచున్నారు. నేడు విశాఖ తీరమున ఋషికొండయొద్ద సరదాకై దిగు స్కూబావారును గలరు. చేప బెదరకుండుటకు వారు కాలు చేయి నెమ్మదిగా కదపవలెను, ఊపిరిని సైతము మెల్లగా విడువవలెను. మత్స్యగుండమున ఆ శ్రమయంతయు ఒక కట్టుబాటు తీర్చివైచినది.

1948 నాటి చట్టముతో జమీందారీలు పోయినవి, చేపజెండాయు పోయినది. 1955లో దిగువను మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము వెలసి ఇదే గెడ్డ నీటిని యంత్రములకు మళ్లించినది. కట్టుబాటు మాత్రము ఆ ఒక్క మడుగునకే మిగిలినది. గెడ్డ పొడుగునను వలలు వేయుదురు, గాలములు వేయుదురు. గుండము దాటి క్రిందికి ఈదిన చేపను కూర వండుకొన్నవాడెవ్వడును ఇంతవఱకు రాయి కాలేదు.