వావిళ్లవారి అచ్చుకూటము: తండ్రి తరువాత తనయుడు

పొలమును కుమారున కప్పగించుట తేలిక. గట్టు చూపిన చాలును. వ్యాపార మట్టిది గాదు. అందు కంటికి కనబడునది కొంచెము, కనబడనిది మెండు. ఇందులకు మనమందర మెరిగిన యింటినే యుదాహరణముగా దీసికొందును. పెద్దలలో పలువురు అమరమునో రఘువంశమునో వావిళ్లవారి ప్రతిలోనే చదివియుందురు.

వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు 1854లో చెన్నపట్టణమున ముద్రణాలయమును స్థాపించిరి. సంస్కృత గ్రంథములను తెలుగులిపిలో నచ్చొత్తించుట వారు చేసిన ప్రధానకృషి. నాగరలిపి రాని మన పల్లెల విద్యార్థులకు ఇది యెంత యుపకారమో చదివినవారికే తెలియును. ఆ పని సులభమైనది కాదు. తాళపత్రములను సరిచూడవలెను, సీసపుటక్షరముల నొక్కొక్కటిగా చేతితో కూర్పవలెను, చిత్తుప్రతులను పండితులచే దిద్దింపవలెను. ఇంత చేసిన పిదప పెట్టిన సొమ్మంతయు కాగితపు కట్టలై కొట్టులో గూర్చుండును. వ్యాకరణగ్రంథము సంతలో బెల్లమువలె నమ్ముడుపోవునా?

1891లో శాస్త్రులుగారు పరమపదించిరి. కుమారుడు వెంకటేశ్వరశాస్త్రులుగారు జన్మించినది 1884లో. ఏడేండ్ల బాలునకు తండ్రి యేమి నేర్పియుండగలడు? ఇట్టి సమయమున అక్షరములను తూకమునకు విక్రయించి తలుపులు మూసికొన్న యిండ్లు లేకపోలేదు. ఇచ్చట నట్లు జరుగలేదు. 1906లో, ఇరువదిరెండేండ్ల వయస్సున, ఆ కుమారుడు కార్యభారమును వహించెను.

ఆయనకు దక్కిన యాస్తిలో మిక్కిలి విలువైనది తండ్రి పేరని నా యభిప్రాయము. పాఠము నమ్మదగినదన్న ఖ్యాతి ఆ పేరుతో ముడివడియుండెను. దానిని తీసి తన పేరు పెట్టుకొనలేదు. ముఖపత్రముపై "వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్, 292, ఎస్ప్లనేడు" అనియే యుండెడిది. ఆ "అండ్ సన్స్" అను నింగ్లీషు తోకను మన పండితులును ఆక్షేపింపలేదు! అట్లని తండ్రిబాటలోనే యాగిపోలేదు. తెలుగు కావ్యములను, ప్రబంధములను విరివిగా వెలువరించిరి. "త్రిలింగ" యను పత్రికను నడపిరి.

అసలు పరీక్ష 1910లో వచ్చినది. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమునకు జెందిన ముద్దుపళని రచించిన "రాధికాసాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా వావిళ్లవారు ప్రకటించిరి. అంతకుముందున్న ముద్రణమున కొన్ని పద్యములు లోపించియుండుట చూచి ఆమె వ్రాతప్రతిని సంపాదించి, గ్రంథమును సమగ్రముగా సిద్ధపరచెను. అది అశ్లీలమని 1911లో ప్రభుత్వమువారు చర్యకు దిగిరి. పండితులు పలువురు గ్రంథమును సమర్థించుచు విన్నపము లిచ్చిరి. ఫలింపలేదు, నిషేధము పడినది.

అప్పటికి వెంకటేశ్వరశాస్త్రులుగారు పగ్గములు చేపట్టి అయిదేండ్లు మాత్రమే. తండ్రి కూడబెట్టిన పేరు పోలీసుల చేతబడినది. శతకములును నిఘంటువులును అచ్చువేసికొని సుఖముగా నుండవచ్చునే యని యాయనకు హితవు చెప్పదలచువా రీనాటికిని గలరు. నే నందుల కొప్పను. పాఠమును కోయక ముద్రించుటయే గదా ఆ యింటికి ఖ్యాతి తెచ్చినది! పద్యములు గొరిగి యమ్మినచో ముఖపత్రముపై తండ్రి పేరు నిలుచును గాని, ఆ పేరునుబట్టి గ్రంథము కొనువాడు మోసపోవును.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానిగా నున్న కాలమున నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు ఆ కావ్యమును మరల ముద్రించిరి. నాగరత్నమ్మగారు ఆ సంవత్సరముననే దివంగతులైరి. వెంకటేశ్వరశాస్త్రులుగారు 1956 వరకు జీవించిరి.