మొబైల్ అనువర్తనాలలో నోటిఫికేషన్ల నిలుపుదల

మొబైల్ అనువర్తనంలోని కొన్ని తెరలు తెరచి ఉన్నంతసేపు, సర్వరు నుండి ఆ అనువర్తనానికి వచ్చే పుష్ నోటిఫికేషన్లు పైకి కనబడకుండా ఆపి ఉంచే పద్ధతిని నోటిఫికేషన్ల నిలుపుదల అంటారు. ఫోనును మొత్తంగా నిశ్శబ్దంలో ఉంచడానికి, దీనికి తేడా ఉంది. సాధారణంగా ఒక అనువర్తనం తన నోటిఫికేషన్లను మాత్రమే ఆపగలదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఇతర అనువర్తనాల నోటిఫికేషన్లను కూడా ఆపాలంటే వాడుకరి అందుకు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి.

అవసరం

ఒకరితో సంభాషణ తెరచి ఉన్నపుడు అదే సందేశం మరల పైభాగాన ప్రత్యక్షం కావడం అనవసరం. చెల్లింపుల అనువర్తనంలో రహస్య సంఖ్యను నొక్కుతున్నపుడు ప్రచార ప్రకటన అడ్డువస్తే పొరపాటు జరిగే అవకాశం ఉంది. పరీక్ష వ్రాసే తెర, వీడియో పాఠం, దారి చూపే పటం మొదలైనవి కూడా ఈ కోవకు చెందుతాయి.

చరిత్ర

ఆపిల్ సంస్థ 2009లో ఐఫోనులకు పుష్ నోటిఫికేషన్ సేవను ప్రారంభించింది. గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ కొరకు 2010లో ఇటువంటి సేవను ప్రవేశపెట్టి, 2012లో దాని స్థానంలో గూగుల్ క్లౌడ్ మెసేజింగ్‌ను, 2016లో ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్‌ను తెచ్చింది. 2016లో విడుదలైన ఐఓఎస్ 10తో, అనువర్తనం తెరచి ఉన్నపుడు వచ్చిన నోటిఫికేషన్‌ను చూపాలో వద్దో నిర్ణయించే వీలు దానిని తయారుచేసేవారికి కలిగింది. 2017 నాటి ఆండ్రాయిడ్ 8లో నోటిఫికేషన్లను చానళ్లుగా విభజించారు. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 నుండి నోటిఫికేషన్లు పంపడానికి వాడుకరి అనుమతి తప్పనిసరి అయింది.

పనిచేసే విధానం

ప్రస్తుతం ఏ తెర తెరచి ఉన్నదో అనువర్తనం గుర్తుపెట్టుకుంటుంది. సందేశం రాగానే ఆ తెర నిశ్శబ్ద తెరల జాబితాలో ఉన్నదేమో చూస్తుంది. ఉంటే సందేశాన్ని దాచి, తెర మారిన తరువాత చూపుతుంది, లేదా అనువర్తనం లోపలి జాబితాలో చేరుస్తుంది. ఐఓఎస్‌లో ఈ పరిశీలన అనువర్తనం ముందుభాగంలో ఉన్నపుడే జరుగుతుంది. వెనుక ఉన్నపుడు నోటిఫికేషన్‌ను ఐఓఎస్సే చూపుతుంది. ఫైర్‌బేస్ ద్వారా ఆండ్రాయిడ్‌కు వచ్చే నోటిఫికేషన్ సందేశాల విషయంలోనూ ఇంతే. తెర మూసినపుడు గుర్తును చెరపడం మరచితే, తరువాత వచ్చే సందేశాలు కూడా కనబడకుండా పోతాయి. ఈ పద్ధతిలో తరచుగా కనిపించే లోపం ఇదే.

ఉత్తరాంధ్ర తీరంలో ప్రాధాన్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాలలో మత్స్యకారులు వేటకు వెళ్లేముందు వాతావరణ సమాచారం తెలుసుకోవలసి ఉంటుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను వలన ఉత్తరాంధ్రలో విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు దెబ్బతిన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. గాలి మొదలై టవర్లు ఆగిపోయాక పుష్ సందేశం చేరదు. కనుక హెచ్చరిక అంతకు ముందే కంటబడాలి. వినోదం కొరకు వీడియో చూస్తున్న తెరపై ప్రచార ప్రకటనలతో పాటు తుఫాను హెచ్చరికను కూడా దాచివేస్తే ఆ విలువైన సమయం వృథా అవుతుంది.

అందువలన ప్రచారం, సమాచారం, ప్రాణరక్షణ అనే తరగతులుగా సందేశాలను వేరుచేసి, మూడవ తరగతిని ఏ తెరపైనా ఆపకుండా ఉంచడం మేలు. ఐఓఎస్ 12 (2018)లో ఫోను నిశ్శబ్దంలో ఉన్నా మ్రోగే క్లిష్ట హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. దీనిని వాడుకొనే అనువర్తనాలకు ఆపిల్ అనుమతి ఉండాలి.

సెల్ బ్రాడ్‌కాస్ట్

సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక పుష్ నోటిఫికేషన్ కాదు. ఇది ఒక ప్రాంతంలోని టవర్ల నుండి అక్కడి ఫోనులన్నింటికీ ఒకేసారి చేరుతుంది. దీనికి అంతర్జాలం గాని, అనువర్తనం గాని అక్కరలేదు. కనుక అనువర్తనంలోని నిలుపుదల దీనిని ఆపలేదు. భారతదేశంలో 2023లో దీనిని పలుచోట్ల ప్రయోగాత్మకంగా పరీక్షించారు. అయితే ఫోను ఆపివేసి ఉన్నా, టవరు పరిధిలో లేకున్నా ఈ హెచ్చరిక కూడా అందదు. తీరానికి దూరంగా వేటకు వెళ్లిన పడవల విషయంలో ఇది గమనించదగినది.

ఇవి కూడా చూడండి

* తిత్లీ తుఫాను
* హుద్‌హుద్ తుఫాను
* ఉద్దానం