ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో వ్యాపార వినియోగం

యంత్రాలకు సెన్సర్లు అమర్చి, అవి పంపే కొలతలను ఇంటర్నెట్ ద్వారా అందుకుని పని నడిపించే ఏర్పాటును ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, క్లుప్తంగా ఐఓటీ అంటారు. ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో సరుకుల జాడ తెలుసుకునే పనిలో ఉన్న కెవిన్ ఆష్టన్ 1999లో ఈ పేరు పెట్టాడు. అది పుట్టింది గిడ్డంగుల లెక్కల కోసం. ఆంధ్ర తీరంలో మాత్రం దాని అవసరం రొయ్యల చెరువుల దగ్గరే బాగా కనిపిస్తుంది.

1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య డబ్బులు కురిపించింది. ఆ దశాబ్దం నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులను ఖాళీ చేసింది. 2009లో కేంద్రం వనామీ రకం రొయ్య సాగుకు అనుమతించాక రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు తీరంలోనూ సాగు మళ్లీ పుంజుకుంది. వనామీని ఒత్తుగా పెంచుతారు; నిబంధనల ప్రకారమే చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వదలవచ్చు. అన్నిటికీ చాలినంత ఆక్సిజన్ అందడమే కష్టం. పగలు నీటిలోని సూక్ష్మ నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ రొయ్యలతో పాటు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగినా, కాపలా మనిషి కునుకు తీసినా, తెల్లారేసరికి రొయ్యలు చనిపోతాయి.

2012లో విజయవాడలో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ పట్టుకున్నది ఈ అవసరాన్నే. చెరువులో తేలే సౌరశక్తి పరికరం డీఓ, ఉష్ణోగ్రత కొలిచి రైతు ఫోన్‌కు పంపుతుంది. ఏరేటర్లను దూరం నుంచే నడపవచ్చు. తరువాత ఆటోమేటిక్ ఫీడర్లు వచ్చాయి. రొయ్యలు మేత కొరికే చప్పుడును నీటిలోని మైకుతో విని, ఆకలిని బట్టి మేత చల్లే పద్ధతి కూడా వచ్చింది. పెట్టుబడిలో దాదాపు సగం మేతకే పోతుంది కాబట్టి అసలు లాభం ఇక్కడే. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లి నీటిని పాడుచేయడమూ తగ్గుతుంది.

తెనాలి దగ్గర సంగతి వేరు. వరి, నిమ్మ, దుగ్గిరాల పసుపు వ్యాపారానికి చెరువు సెన్సర్లతో పని లేదు. అక్కడ ఐఓటీకి చోటుంటే శీతల గిడ్డంగుల ఉష్ణోగ్రత కనిపెట్టడంలో, సరుకు లారీల జాడ తీయడంలో ఉంటుంది.

చెరువు పరికరాల ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు. ఒకటి రెండు ఎకరాల కౌలు రైతుకు పరికరం ధర భారమే. పైగా సెన్సర్ మొనకు నాచు పడితే కొలత తప్పుతుంది, తరచూ తుడవాలి. తెల్లమచ్చ వైరస్‌ను ఈ పరికరాలు పసిగట్టలేవు; దానికి ఇప్పటికీ ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్షే చేయించాలి.