కోలారు టమాటా, అయిదో క్రోమోజోము

కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా, ఆ జిల్లా రైతులు బోరునీటితో పండించి దూర రాష్ట్రాలకు పంపే టమాటా వల్ల కోలారు పేరు దేశమంతటా వినిపిస్తూనే ఉన్నది. టమాటాతో మన దేశానికి మరో బంధమూ ఉన్నది: పలు దేశాల శాస్త్రజ్ఞులు టమాటాలోని 12 క్రోమోజోములను, అంటే జన్యువులను మోసే పోగులను, చదవడానికి పంచుకున్నప్పుడు అయిదోది భారతదేశానికి వచ్చింది. ఢిల్లీలోని మూడు సంస్థలు ఆ బాధ్యతను స్వీకరించగా, 12 క్రోమోజోముల పూర్తి పాఠం 2012 మే నెలలో ప్రచురితమై, అందులో సుమారు 35 వేల జన్యువులు ఉన్నట్లు తేలింది.

అయితే జన్యువును గుర్తించడం వేరు, దాని పని చెప్పడం వేరు. అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థ నడిపే సోల్ జీనోమిక్స్ నెట్‌వర్క్ అనే ఉమ్మడి సమాచార నిధిలో ఒక్కొక్క జన్యువుకు ఒక పుట ఉంటుంది. దానిపై పరిశోధించినవారే ఆ పుటను దిద్దవచ్చు. జన్యువు చేసే రసాయన కార్యం, అది పాలుపంచుకునే జీవక్రియ, కణంలో దాని చోటు అనే మూడింటిని 1998లో మొదలైన జీన్ ఆంటాలజీ పదజాలంతో, ఆధారం చూపి నమోదు చేస్తారు.

ఆ అయిదో క్రోమోజోములోనే పండు పక్వానికి రావడాన్ని నడిపే రిన్ అనే జన్యువు ఉన్నది. అది మారిన మొక్కల కాయలు పండవు; అది ఇతర జన్యువులను మేల్కొలిపే ప్రోటీనుకు మూలమని 2002లో వెల్లడైంది. కోత నుంచి సంత వరకు కాయ చెడకుండా ఉండడంపైనే రైతు ఆదాయం నిలిచే కోలారు వంటి ప్రాంతానికి, అందరికీ తెరిచి ఉన్న ఇటువంటి జ్ఞానం నిజమైన సంపద.