సీక్వెస్ట్రేషన్

లాటిన్‌లో సీక్వెస్టర్ అంటే తగువులో ఉన్న ఆస్తిని తీర్పు వచ్చేదాకా తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి. అక్కణ్ణుంచి ఈ మాట కోర్టు జప్తుకు ఎక్కింది. 1946లో ప్రైస్ అనే వైద్యుడి వ్యాసంతో ఊపిరితిత్తుల్లోనూ స్థిరపడింది. పుట్టుకతోనే విడిపడిన ఊపిరితిత్తి ముక్క అది. శ్వాసనాళంతో మామూలు సంబంధం ఉండదు, రక్తం మాత్రం సాధారణంగా నేరుగా బృహద్ధమని నుంచి తెచ్చుకుంటుంది. జప్తయిన ఇల్లే, కరెంటుకు సొంత లైను! కఫం పోయే దారి సరిగా లేక కొందరికి పదేపదే న్యుమోనియా వస్తుంది. మట్టిలో బతికే నోకార్డియా అనే బాక్టీరియా అరుదుగా అందులో చేరుతుంది. 1888లో పశువుల జబ్బులో దాన్ని కనిపెట్టిన ఫ్రెంచి పశువైద్యుడు నోకార్ పేరే దానికి పెట్టారు. అది పడితే నెలల తరబడి మందులు వాడాలి. ముక్కను తీసేయాల్సివస్తే సర్జన్ ముందుగా వెతికేది బృహద్ధమని నుంచి వచ్చే ఆ దొంగ ధమనినే. చూసుకోకుండా కోస్తే రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది.