చుక్కకూర చుట్టం రూబార్బ్: పులుపు పంటను పంచదార నిలబెట్టిన కథ



ఒట్టి చుక్కకూర ఎవరం తినలేం. కందిపప్పు, పచ్చిమిర్చి తోడైతేనే ఆ పులుపుకు రుచి. చుక్కకూర కుటుంబానికే చెందిన రూబార్బ్ అనే మొక్క చలి దేశాల్లో పండుతుంది. దాని కథా ఇలాంటిదే.

మొదట యూరప్‌లో దీన్ని పెద్దగా వండుకోలేదు. చైనా నుంచి ఎండిన వేరు విరేచనాల మందుగా యూరప్‌కు పోయేది, మంచి ధర పలికేది. ఎర్రటి కాడలు మాత్రం నోట్లో పెట్టలేనంత పులుపు. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో పంచదార చవకయ్యింది, 1874లో దాని మీద పన్ను కూడా ఎత్తేశారు. ఇంకేముంది, ఇంటింటా రూబార్బ్ వంటలే. ముక్కలు కోసి పంచదారతో మగ్గబెట్టి, అల్లం గానీ నారింజ తొక్క గానీ వేస్తారు. అల్లం ఘాటు, నారింజ వాసన ఆ పులుపుకు బాగా అతుకుతాయి. పైన పాలు, గుడ్డుతో చేసిన కస్టర్డ్ పోసుకుంటారు. ఇరాన్ వాళ్ల దారి వేరు. పుదీనా, కొత్తిమీర జాతి ఆకులు దండిగా వేసి, మాంసం పులుసులో ఈ కాడలు ఉడికిస్తారు. ఒక్క జాగ్రత్త: ఆకులు విషం. మొదటి ప్రపంచ యుద్ధంలో కూరగాయల కొరతకు ఆకులూ తినమని ఇంగ్లాండులో సలహా ఇస్తే, తిన్నవాళ్లు జబ్బుపడ్డారు.

యార్క్‌షైర్ రైతుల పద్ధతి చూడండి. మొక్కను రెండేళ్లు కోయకుండా బయట పెంచుతారు. దగ్గర్లోని ఉన్ని మిల్లుల వ్యర్థమే ఎరువు. చలి బాగా తగిలాక దుంపల్ని చీకటి షెడ్డులోకి మార్చి వేడి పెడతారు. వెలుతురు లేక, దుంపలో దాచుకున్న బలంతోనే లేత గులాబీ కాడలు వస్తాయి. కోత కొవ్వొత్తి వెలుగులోనే. నడి చలికాలంలో తాజా సరుకు లండన్‌కు రైల్లో వెళ్లేది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940 నుంచి 1953 దాకా పంచదారకు రేషన్. తీపి చాలని పుల్లటి రూబార్బ్ తిని తిని పిల్లలకు మొహం మొత్తింది. యుద్ధం అయ్యాక విదేశీ పండ్లు వచ్చేసరికి దాన్ని పట్టించుకునేవాళ్లే తగ్గారు. చాలామంది రైతులు ఆ పంటే వదిలేశారు. మిగిలిన కొద్దిమంది పట్టు వదల్లేదు. 2010లో యూరప్ స్థాయిలో తమ ప్రాంతం పేరుకు రక్షణ తెచ్చుకున్నారు.

వాళ్ల నేల చెడలేదు, పంటా చెడలేదు. వంటింట్లో తోడు పోయింది, బజారులో ధర పోయింది. మనం కొత్త పంట వేసేముందు మార్కెట్ రేటు అడుగుతాం. దాన్ని ఎవరు, దేనితో వండుకుంటారో కూడా అడగాలి.

మీ ఇంట్లో చుక్కకూరకు ఏం తోడు వేస్తారు? కింద రాయండి.