బహుభాషా కార్మికులకు భద్రతా శిక్షణ: చట్టం, ఆచరణ

కర్మాగారంలో హెచ్చరిక బోర్డు ఉన్నంత మాత్రాన కార్మికునికి రక్షణ లభించదు. అది అతనికి అర్థమైనప్పుడే ప్రయోజనం నెరవేరుతుంది. హైదరాబాద్ పరిసర పారిశ్రామికవాడలలో తెలుగువారితో పాటు హిందీ, ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ మాట్లాడే కార్మికులు పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. మృతులలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాలవారు ఉన్నారు. ఒకే కప్పు కింద ఎన్ని ప్రాంతాలవారు పనిచేస్తున్నారో ఈ దుర్ఘటన తెలియజేసింది.

చట్టపరమైన ఏర్పాటు

నోటీసులను ఇంగ్లీషులోను, అధిక సంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలోను ప్రదర్శించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ నిర్దేశించింది. 1984 నాటి భోపాల్ దుర్ఘటన అనంతరం, 1987 సవరణ ద్వారా చేరిన 111-ఎ సెక్షన్ భద్రతా సమాచారం, శిక్షణ పొందే హక్కును ప్రతి కార్మికునికి కల్పించింది. ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 గత 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. భద్రతా సమాచారం పొందే హక్కును ఈ కోడ్ సైతం గుర్తించింది.

నోటీసు అధిక సంఖ్యాకుల భాషలో ఉండవచ్చు. శిక్షణ మాత్రం చివరి కార్మికుని వరకు చేరవలసి ఉంటుంది. సోడియం లోహం నిల్వచేసిన చోట ‘నీరు వాడరాదు’ అన్న బోర్డును చదవలేని ఒక్క కార్మికుడు మంటలపై నీరు చల్లినా, హైడ్రోజన్ వెలువడి పేలుడు సంభవించగలదు.

ఆచరణలో పాటించవలసినవి

• విధుల్లో చేర్చుకొనేటప్పుడే కార్మికుని మాతృభాషను, చదువును నమోదు చేయాలి. కాంట్రాక్టు కార్మికులను ఇందులో చేర్చాలి.

• శిక్షణను చేసి చూపించి, అనంతరం కార్మికునిచేత చేయించాలి. హాజరుపట్టీలో సంతకం లేదా వేలిముద్ర అవగాహనకు రుజువు కాదు.

• గుర్తుల అర్థాన్ని ముందుగా వివరించాలి: ఎరుపు వలయం, అడ్డగీత నిషేధాన్ని, పసుపు త్రికోణం ప్రమాదాన్ని, నీలి వృత్తం తప్పక పాటించవలసిన చర్యను, ఆకుపచ్చ ఫలకం సురక్షిత మార్గాన్ని సూచిస్తాయి.

• ‘ఆగు’, ‘బయటకు పరుగెత్తు’ వంటి అత్యవసర మాటలను అందరికీ ఒకే విధంగా నేర్పి, అన్ని షిఫ్టులలో మాక్ డ్రిల్ నిర్వహించాలి.

ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్లే తెలుగు కార్మికులు సైతం తెలియని భాషలోని హెచ్చరికల నడుమ పనిచేస్తున్నారు. అక్కడ మనవారికి ఏ రక్షణ కోరుకుంటామో, ఇక్కడికి వచ్చిన కార్మికునికి అదే రక్షణ అందించడం యాజమాన్యాల బాధ్యత.